21 రోజుల పెన్సిలిన్ సూది: పిల్ల ఆడుకుంటోందని ఆపేయొచ్చా?

ప్రశ్న: మాది నారాయణపేట జిల్లాలో ఒక పల్లె. మా అక్క, బావ ఏటా పంటలయ్యాక పుణె వైపు కట్టడం పనులకు పోతరు. వాళ్ల బిడ్డకు 12 ఏండ్లు, బరువు 31 కిలోలు. నాలుగు నెలల కింద జ్వరం వచ్చి మొదట మోకాలు, అది తగ్గేలోపు మడమ, తర్వాత మోచేయి వాచినయి. ఊళ్లో డాక్టరు నొప్పి సూదులు వేస్తే తగ్గింది. కొన్నాళ్లకు నడిస్తే ఆయాసం మొదలైంది. హైదరాబాద్‌లో పెద్ద దవాఖానలో ఎకో అనే గుండె స్కానింగ్ తీసి మైట్రల్ వాల్వ్ లీక్ ఉంది, రుమాటిక్ గుండె జబ్బు అన్నరు. 21 రోజులకోసారి పెన్సిలిన్ సూది రాసిచ్చిన్రు. మూడు వేయించినం. ఇప్పుడు ఊళ్లో డాక్టరు ‘ఈ సూదితో ప్రాణం పోతే నా మీదికొస్తది’ అని వేయనంటున్నడు. నొప్పికి పిల్ల కూడా ఏడుస్తది. ఆఖరి సూది పడి 33 రోజులైంది. ఇప్పుడు ఆయాసం లేదు, మంచిగ ఆడుకుంటోంది. ఇంకా సూదులు కావాల్నా? ఎన్నేండ్లు? ఆపరేషన్ చేయిస్తే ఈ బాధ తప్పుతదా? ఆమె తమ్మునికి 8 ఏండ్లు, వానికీ వస్తదా? రేపు పిల్ల పెండ్లి సంగతేంది?
– ఒక మేనమామ

సమాధానం: రేపే వేయించండి. గడువు దాటి 12 రోజులైంది. ఆలస్యమైందని రెండు మోతాదులు కలిపి వేయమని అడగకండి. ఒక్కటే, మామూలు మోతాదే వేయాలి. రేపటి తేదీ నుంచి మళ్లీ 21 రోజులు లెక్కపెట్టండి. మీ మిగతా ప్రశ్నల్లో ఏదీ ఇంత తొందరది కాదు.

పిల్ల బాగానే ఉంది కదా అన్న సందేహం ఈ జబ్బున్న ప్రతి ఇంట్లోనూ వస్తుంది. సూదులు మానేసేది కూడా ఎక్కువగా ఒంట్లో బాగున్న రోజుల్లోనే. ఈ పెన్సిలిన్ ఆయాసం తగ్గించడానికి వేసేది కాదు, లీకును మూసేది కూడా కాదు. రాబోయే గొంతునొప్పి గుండె దాకా పోకుండా కాపాడటానికి వేసేది.

గొంతులో చేరే బ్యాక్టీరియాల్లో గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ అని ఒకటుంది. అది తెచ్చే గొంతునొప్పి నాలుగైదు రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది. కానీ కొందరు పిల్లల్లో, ముఖ్యంగా 5 నుంచి 15 ఏళ్ల వయసులో, ఆ బ్యాక్టీరియా మీద పోరాడటానికి ఒంట్లో తయారైన యాంటీబాడీలు, రక్షణ కణాలు రెండు మూడు వారాల తర్వాత సొంత కీళ్ల మీద, గుండె కవాటాల (వాల్వ్‌ల) మీద పడతాయి. దీన్నే రుమాటిక్ జ్వరం అంటారు. కీళ్ల వాపు మచ్చైనా మిగలకుండా పోతుంది. కవాటం అలా కాదు. వాచి, మచ్చ కట్టి, దళసరెక్కి, అంచులు సరిగా మూసుకోక లీకవుతుంది. దాడులు మళ్లీ మళ్లీ వస్తే కొన్నేళ్లకు అంచులు ఒకదానికొకటి అతుక్కుని దారి సన్నబడుతుంది. మొదటిసారి గుండెకు తగిలినవాళ్లకు రెండోసారి వచ్చినా గుండెకే తగిలే ప్రమాదం ఎక్కువ.

మీ మేనకోడలిది మొదటి దాడి. ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నామంటే, మొదటి దాడిలో వచ్చిన లీకు, రెండో దాడి రానివ్వకపోతే, చాలామంది పిల్లల్లో ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. కొందరిలో పూర్తిగా పోతుంది కూడా. ఉగాండాలో ఎకోలో మాత్రమే కనిపించే తొలిదశ జబ్బున్న 818 మంది పిల్లల మీద జరిగిన అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. సగం మందికి నాలుగు వారాలకోసారి ఈ సూదే వేశారు, మిగతావారికి వేయలేదు. రెండేళ్లకు సూది లేనివారిలో 8.2 శాతం మందికి జబ్బు ముదిరింది. సూది పడినవారిలో 0.8 శాతం మందికే ముదిరింది. పిల్లల గుండెకు ఇంత మేలు చేసి, ఖరీదు ఇంత తక్కువున్న మందులు అరుదు.

ఇక ఊళ్లో డాక్టరు భయం. ఆయన వేయననడం ఒక రకంగా మంచిదే. ఈ సూది ఇంటి అరుగు మీద వేసేది కాదు. ఎలర్జీ వస్తే వేసే అడ్రినలిన్ మందు, పడుకోబెట్టడానికి మంచం, బీపీ చూసే పరికరం, అరగంట కనిపెట్టుకుని ఉండే నర్సు ఉన్నచోటే వేయాలి. మీ దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గానీ ఏరియా ఆసుపత్రి గానీ అందుకు సరిపోతాయి. పెద్దాసుపత్రి డిశ్చార్జి కాగితం, ఎకో రిపోర్టు తీసుకెళ్లి మెడికల్ ఆఫీసరును కలవండి. సూది పేరు, మోతాదు, ఎన్ని రోజులకోసారి వేయాలో ఆయన చేత ఓపీ చీటీ మీద రాయించి సంతకం పెట్టించండి. రాతపూర్వక ఆదేశం చేతిలో ఉంటే నర్సుకు ధైర్యం ఉంటుంది.

ప్రమాదం ఎంతంటే, 11 దేశాల్లో 1790 మంది రోగులకు వేసిన 32,430 సూదులను లెక్కగట్టి 1991లో అచ్చయిన అధ్యయనం ఒకటుంది. అందులో ప్రాణాంతక స్థాయి ఎలర్జీ నలుగురికి వచ్చింది, ఒకరు చనిపోయారు. ప్రమాదం లేదని మేం చెప్పం, ఉంది. కానీ అది దాదాపు పదివేల సూదులకు ఒకటి. దెబ్బతిన్న కవాటానికి రక్షణ లేకుండా వదిలేస్తే జరిగే నష్టం అంతకన్నా చాలా పెద్దది. ప్రపంచంలో ఈ జబ్బున్నవారు 4 కోట్లకు పైనే, ఏటా చనిపోయేవారు 3 లక్షలకు పైనే. వాళ్లలో అత్యధికులు ఇరుకు ఇళ్లలో బతికే పేదలు.

ఎలర్జీకీ, భయంతో కళ్లు తిరగడానికీ తేడా తెలియాలి. సూది పడగానే ముఖం పాలిపోయి, చెమట పట్టి, నాడి నెమ్మదించి పడిపోతే అది ఎక్కువగా భయం, నొప్పి వల్లే. పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెడితే కొద్దిసేపట్లో తేరుకుంటారు. ఒళ్లంతా దద్దుర్లు, దురద, పెదాలు, కనురెప్పలు వాచడం, పిల్లికూతలు, గొంతు బిగుసుకోవడం, వాంతులు, నాడి వేగంగా కొట్టుకోవడం కనిపిస్తే అది ఎలర్జీ. అప్పుడు మొదటి మందు అడ్రినలిన్. ఒక మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము ఉండే మందును, కిలోకు 0.01 మిల్లీలీటరు లెక్కన, మీ పాప బరువుకు 0.3 మిల్లీలీటర్లు తొడ కండలోకి వెంటనే ఎక్కించాలి. తగ్గకపోతే 5 నిమిషాలకు మళ్లీ వేయొచ్చు. ఎక్కువగా జరిగే పొరపాటు ఏంటంటే, ముందు ఎవిల్, డెక్సా లాంటి మామూలు ఎలర్జీ సూదులు వేసి, అవి పని చేస్తాయేమోనని చూస్తూ కూర్చోవడం. ప్రాణం పోయేది ఆ వ్యవధిలోనే. సూదికి ముందు చర్మం మీద పరీక్ష మోతాదు వేసే నియమం చాలా ఆసుపత్రుల్లో ఉంది. వేయనివ్వండి. కానీ అందులో ఏమీ రాలేదని అడ్రినలిన్ పక్కన లేకుండా మాత్రం వేయకూడదు. పరీక్షలో ఏమీ రాకపోయినా ఎలర్జీ రాదన్న హామీ లేదు.

ఇక్కడే ఇంకో జాగ్రత్త. కవాటం బాగా సన్నబడినవాళ్లు, లీకు తీవ్రంగా ఉన్నవాళ్లు, గుండె కండరం బలం తగ్గినవాళ్లు, కూర్చున్నా ఆయాసపడేవాళ్లు సూది తర్వాత కుప్పకూలితే అది ఎలర్జీ కాకపోవచ్చు. నొప్పికి, భయానికి బీపీ పడిపోతే బలహీనమైన గుండె తట్టుకోలేదు. అందుకే అలాంటివారికి సూది బదులు మాత్రలే మేలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో సూచించింది. మీ పాప ఎకో రిపోర్టులో లీకు పక్కన ‘మైల్డ్’, ‘మోడరేట్’, ‘సివియర్’ అనే మాటల్లో ఏదుందో చూడండి. సివియర్ అని ఉంటే, రేపు వెళ్లినప్పుడు ఆ రిపోర్టు ముందు డాక్టరుకు చూపించి, సూదా మాత్రలా అన్నది తేల్చుకోండి. ఆమె పరుగెత్తి ఆడుకోగలుగుతోందంటే బహుశా ఆ స్థితి లేదు. అయినా రిపోర్టు చూడకుండా మేం చెప్పలేం.

నొప్పి గురించి వివరంగా చెప్పాలి. పిల్లలు సూది మానేయడానికి నొప్పి పెద్ద కారణం, అందులో చాలా భాగం తగ్గించగలిగేదే. ఈ మందు సీసాలో తెల్లటి పొడిగా వస్తుంది. నీళ్లు కలిపినా పూర్తిగా కరగదు, సన్నని రేణువులుగా తేలుతూ ఉంటుంది. కలిపి పక్కన పెట్టేస్తే రేణువులు అడుగుకు దిగి సూది మూసుకుపోతుంది. అప్పుడు మళ్లీ సూది మార్చి రెండోసారి పొడుస్తారు, సగం మందు వృథా అవుతుంది, పిల్లకు సగం మోతాదే పడుతుంది. కాబట్టి సీసా మీద రాసినంత నీళ్లు కలిపి, బాగా కదిపి, వెంటనే 21 గేజ్ సూదితో వేయాలి. సన్నసూదైతే నొప్పి తక్కువని పిల్లల కోసం సన్నది వాడితే మూసుకుపోతుంది. నీళ్లు ఫ్రిజ్‌లోంచి తీసినవి కాకుండా గది వేడికి వచ్చి ఉండాలి. చర్మం మీద రాసిన స్పిరిట్ పూర్తిగా ఆరాక, పొడిచేచోట బొటనవేలితో పది సెకన్లు గట్టిగా నొక్కి, అప్పుడు లోతుగా కండలోకి వేయాలి. పిరుదు మీదైతే పైభాగంలో బయటివైపు, లేకపోతే తొడ ముందు-పక్క భాగంలో. వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూసుకోవాలి. ఈ మందు రక్తనాళంలోకి పోకూడదు. తర్వాత ఆగకుండా, నిదానంగా ఎక్కించాలి. కొద్దిగా లిగ్నోకెయిన్ అనే తిమ్మిరి మందు కలిపితే నొప్పి బాగా తగ్గుతుంది. అది డాక్టరు రాస్తేనే కలుపుతారు, మీరు అడగండి. ఒకసారి కుడివైపు, మరోసారి ఎడమవైపు మార్చి వేయించండి.

మీ వైపు నుంచి: పరగడుపున తీసుకెళ్లకండి. తినిపించి, బయలుదేరే ముందు రెండు గ్లాసుల నీళ్లు తాగించండి. పడుకోబెట్టే వేయించండి. సూది తర్వాత అరగంట అక్కడే ఉండండి. ఇంటికొచ్చాక పారాసిటమాల్ ఇవ్వొచ్చు, కాస్త నడిపించండి. ‘ఏం కాదులే, నొప్పే ఉండదు’ అని అబద్ధం చెప్పకండి. 12 ఏళ్ల పిల్లకు ఈ సూది ఎందుకో అర్థమయ్యేలా చెబితే అర్థమవుతుంది, ఏ పక్కకు వేయించుకోవాలో ఆమెనే నిర్ణయించుకోనివ్వండి.

సీసా మీద పేరు మీరూ చదవండి. ‘బెంజథిన్ పెన్సిలిన్ 12 లక్షల యూనిట్లు’ అని ఉండాలి. పెనిడ్యూర్ అనే బ్రాండు పేరుతో ఎక్కువగా దొరుకుతుంది. అందులో 6, 12, 24 లక్షల సీసాలున్నాయి. బెంజైల్ పెన్సిలిన్ అన్నది వేరు. అది కొన్ని గంటల్లోనే ఒంట్లోంచి పోతుంది, ఈ పనికి రాదు. 27 కిలోలు దాటిన పిల్లలకు 12 లక్షల యూనిట్లు 21 రోజులకోసారి. మీ పాపది ఈ లెక్కే. అంతకన్నా తక్కువ బరువున్నవారికి 6 లక్షలు, అది మన దేశపు పిల్లల వైద్యుల సూచన ప్రకారం 15 రోజులకే వేయాలి. బెంజథిన్ కండలో నిలిచి కొద్దికొద్దిగా రక్తంలోకి దిగుతుంది. మూడో వారం చివరికి అది పలచబడిపోతుంది. అందుకే 18వ రోజున వేయించినా నష్టం లేదు గానీ, 28వ రోజున వేయిస్తే ఆ చివరి వారం పిల్లకు రక్షణ తగ్గినట్టే. ఆ వారంలో ఇంట్లో ఎవరికో గొంతునొప్పి వస్తే చాలు.

21 రోజులంటే సరిగ్గా మూడు వారాలు. కాబట్టి సోమవారం మొదలుపెడితే ఎప్పటికీ సోమవారమే వస్తుంది. గోడ క్యాలెండర్ మీద ఏడాది మొత్తం తేదీలు ఇప్పుడే గుండ్రాలు చుట్టండి. 17 లేదా 18 వస్తాయి. ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు ఆ తేదీలు రాసివ్వండి. ఆరోగ్య కేంద్రంలో ఇలాంటి పిల్లల పేర్లతో ఒక రిజిస్టరు పెట్టమని అడగడం కూడా తప్పు కాదు. క్యూబాలోని పినార్ దెల్ రియో ప్రాంతంలో 1986 నుంచి పదేళ్లపాటు చేసిన పని ఎక్కువగా ఇదే: రోగుల రిజిస్టరు, రానివాళ్ల కోసం వెతుక్కుంటూ వెళ్లడం, సిబ్బందికి శిక్షణ, ప్రజలకు గొంతునొప్పి గురించి చెప్పడం. పదేళ్లలో అక్కడ రుమాటిక్ జ్వరం బాగా పడిపోయింది.

వలస మీకున్న అసలు ఇబ్బంది. పుణె బయలుదేరే తేదీ సూది తేదీకి మూడు నాలుగు రోజుల ముందు పడితే, వేయించుకునే వెళ్లండి. డిశ్చార్జి కాగితం, ఎకో రిపోర్టు, సూదుల కార్డు మూడింటినీ ఫోటో తీసి మీ అక్క ఫోన్‌లో, బావ ఫోన్‌లో, మీ దగ్గరా ఉంచండి. అక్కడి డాక్టరు చదవగలిగేలా జబ్బు పేరు, మందు పేరు, మోతాదు, ఆఖరి సూది తేదీ ఇంగ్లిష్‌లో ఒక చీటీ మీద రాయించుకోండి. ఈ మందుకు లాభం తక్కువని తయారుచేసే కంపెనీలు తగ్గాయి. అప్పుడప్పుడు ఏ దుకాణంలోనూ దొరకదు. అందుకే ఎప్పుడూ రెండు సీసాలు ముందుగా కొని పెట్టుకోండి, గడువు తేదీ చూసి కొనండి. పొడి సీసాలకు ఫ్రిజ్ అక్కర్లేదు గానీ ఎండ తగిలే రేకుల గదిలో, ఇనుప పెట్టెలో పెట్టకూడదు. చల్లని, పొడి చోటు చూడాలి. ఎంత వెతికినా దొరకకపోతే ఖాళీగా ఉండొద్దు. పెన్సిలిన్ వి మాత్రలు 250 మిల్లీగ్రాములవి రోజుకు రెండుసార్లు, సూది దొరికేదాకా డాక్టరుతో రాయించుకుని వేయండి. పెన్సిలిన్ పడనివారికి ఎరిత్రోమైసిన్ ఉంది. మాత్రలు సూదంత బలమైన రక్షణ కావు. రోజూ రెండుసార్లు మరవకుండా ఏళ్ల తరబడి చాలామంది వేసుకోలేరు. తాత్కాలికంగా మాత్రం అవే దిక్కు.

ఎన్నేళ్లు అన్నదానికి సూటి జవాబు: మన దేశంలో పాటించే లెక్క ప్రకారం, గుండెకు తగలకుండా కీళ్లకే వచ్చి పోయినవాళ్లకు 5 ఏళ్లు లేదా 18వ ఏడు వచ్చేదాకా, ఏది ఎక్కువైతే అది. మీ పాపలా గుండెకు తగిలి, అది తేలిక నుంచి ఓ మోస్తరు వరకు ఉంటే 10 ఏళ్లు లేదా 25వ ఏడు వరకు, ఏది ఎక్కువైతే అది. అంటే ఆమెకు ఇంకా 13 ఏళ్లు. తీవ్రంగా ఉన్నవారికి, వాల్వ్ ఆపరేషన్ అయినవారికి జీవితాంతం, కనీసం 40 ఏళ్ల వరకు. చాలా పెద్ద లెక్కే. ఎకోలో లీకు పోయిందని తేలినా సొంతంగా ఆపకండి. ఆపాలో వద్దో గుండె డాక్టరు చెప్పాలి.

ఆపరేషన్‌తో ఈ బాధ తప్పదు. ఆపరేషన్ అయ్యాక కూడా సూదులు సాగాల్సిందే. ‘వాల్వ్ మార్చేశారు కదా’ అని మానేసినవారికి మిగతా కవాటాలు చెడిపోతాయి. ఇప్పుడు ఆయాసం లేని పిల్లకు ఆపరేషన్ మాటే అనవసరం. ఎకో ఆరు నెలలకు ఒకసారి, తర్వాత డాక్టరు చెప్పినట్టు తీయిస్తే చాలు. బెలూన్‌తో కవాటం దారిని వెడల్పు చేసే పద్ధతి సన్నబడిన కవాటానికే పనికొస్తుంది, లీకుకు కాదు. మెటల్ వాల్వ్ పెడితే జీవితాంతం ఎసిట్రోమ్ లాంటి రక్తం పలచబరిచే మాత్ర వేసుకుంటూ, రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష నెలనెలా చేయించుకోవాలి. వలస బతుకులో అది 21 రోజుల సూదికన్నా ఎన్నో రెట్లు కష్టం. మాత్ర మానితే వాల్వ్ మీద గడ్డ కడుతుంది, ఎక్కువైతే రక్తస్రావం. ఎప్పటికైనా అవసరం పడితే ఆరోగ్యశ్రీలో ఉచితంగా చేస్తారు, తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఏడాదికి పరిమితి 10 లక్షలు. హైదరాబాద్ నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో గుండె విభాగాలున్నాయి. పుట్టపర్తిలోని సత్యసాయి ఆసుపత్రిలోనూ డబ్బు తీసుకోరు. రేషన్ కార్డు, ఆధార్‌లో పాప పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే సరిచూసుకోండి.

తమ్ముడి సంగతికొస్తే, గుండె జబ్బు అంటుకోదు. గొంతులోని బ్యాక్టీరియా మాత్రం అంటుకుంటుంది. ఒకే ఇంట్లో, ఒకే గదిలో పడుకునేవాళ్లు, పైగా ఒకే రక్తం. కాబట్టి అతనికి ముప్పు కొంత ఎక్కువే. వీలైతే ఒకసారి ఎకో తీయించండి. స్టెతస్కోపుకు వినపడని తొలిదశ జబ్బు ఎకోలో దొరుకుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ప్రభుత్వ బడులకు వస్తాయి. వాళ్లు చూడాల్సిన జబ్బుల్లో ఇదీ ఉంది. అక్కకు జబ్బుందని ఆ బృందానికి చెబితే పైఆసుపత్రికి చీటీ రాస్తారు.

ఆ పిల్లాడికి ఒక్కసారిగా గొంతునొప్పి, మింగలేకపోవడం, జ్వరం, దవడ కింద నొప్పిపెట్టే గడ్డలు వచ్చి, దగ్గు, జలుబు మాత్రం లేకపోతే అది ఈ బ్యాక్టీరియా అయ్యే అవకాశం ఎక్కువ. ముక్కు కారుతూ, దగ్గుతూ, కళ్లు ఎర్రబడితే ఎక్కువగా వైరసే, యాంటీబయాటిక్ అక్కర్లేదు. మొదటి రకమైతే ఒక్క బెంజథిన్ సూది చాలు, లేదా అమాక్సిసిలిన్ కిలోకు 50 మిల్లీగ్రాముల చొప్పున, రోజుకు గ్రాము మించకుండా, పూర్తిగా 10 రోజులు. మూడు రోజులకు నొప్పి పోతుంది, అక్కడే అందరూ ఆపేస్తారు. అలా ఆపితే గొంతులో బ్యాక్టీరియా మిగిలిపోతుంది. సెప్ట్రాన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్‌లు దీన్ని గొంతులోంచి తీసేయలేవు. నొప్పి మొదలైన 9 రోజుల్లోపు మందు పడితే రుమాటిక్ జ్వరాన్ని ఆపొచ్చు. కాబట్టి ఒకటి రెండు రోజులు ఆలస్యమైందని వదిలేయకండి. అయితే రుమాటిక్ జ్వరం వచ్చినవారిలో కనీసం మూడో వంతు మందికి గొంతునొప్పి వచ్చిన గుర్తే ఉండదు. అందుకే ఇంటి ఇరుకు తగ్గించడమూ వైద్యమే. ఐరోపాలో పెన్సిలిన్ రాకముందే ఇళ్లు, బతుకులు మెరుగుపడటంతో ఈ జబ్బు తగ్గుముఖం పట్టింది. పనిచోట ఒకే రేకుల గదిలో అందరూ పడుకోక తప్పకపోయినా, పిల్లల తలలు ఒకవైపు, పక్కవారి తలలు మరోవైపు ఉండేలా పడుకోబెట్టండి. గాలి ఆడే కిటికీ మూయకండి. గొంతునొప్పి ఉన్నవారి గ్లాసు వేరుగా పెట్టండి.

ఒక మాట మిగతా పాఠకులకు కూడా. ఒళ్లు నొప్పులని వెళ్తే ఏఎస్ఓ పరీక్ష చేసి, 200 దాటిందని పెన్సిలిన్ సూదులు మొదలుపెట్టడం మన దగ్గర చాలా జరుగుతోంది. ఆ పరీక్ష ఈమధ్య స్ట్రెప్టోకాకస్ గొంతులో చేరి వెళ్లిందని మాత్రమే చెబుతుంది. బడికి వెళ్లే ఆరోగ్యవంతమైన పిల్లల్లో కూడా 200 దాటుతుంది. వాపు, జ్వరం, ఒంట్లో వాపును చూపే రక్తపరీక్షలైన ఈఎస్ఆర్, సీఆర్‌పీ, ఈసీజీ, ఎకో అన్నీ కలిపి చూడాలి. అలాగే కీలు మారుతూ వాచే పిల్లకు, ఏంటో తేలకముందే నొప్పి సూదులు, స్టెరాయిడ్లు వేస్తే వాపు ఒక్కరోజులో మాయమై అసలు జబ్బు దాక్కుంటుంది. మీ పాప విషయంలో జరిగిందదే అయి ఉండొచ్చు.

మళ్లీ దాడి వస్తే ఎలా తెలుస్తుంది? జ్వరంతో కీళ్ల వాపు, పడుకుంటే ఎక్కువయ్యే ఆయాసం, పాదాల వాపు, దడ. ఇంకొకటి, ఆడపిల్లల్లో ఎక్కువ: గొంతునొప్పి వచ్చిన నెలల తర్వాత చేతులు వాటంతటవే మెలితిరగడం, చేతిలోవి జారిపోవడం, రాత చెడిపోవడం, ఊరికే ఏడవడం, నవ్వడం. దీన్ని గాలి సోకిందని తాయెత్తులు కట్టిస్తారు, బడిలో పొగరని కొడతారు. అది మెదడుకు తగిలిన రుమాటిక్ జ్వరమే, తగ్గిపోయేదే. గుండె మాత్రం తప్పక చూపించాలి. కారణం తెలియని జ్వరం రోజుల తరబడి వదలకపోతే, యాంటీబయాటిక్ వేయకముందే రక్తం కల్చర్ పరీక్షకు తీయించండి. చెడిన కవాటానికి బ్యాక్టీరియా పట్టే ప్రమాదం ఉంది, ముందే మందు పడితే పరీక్షలో దొరకదు. రోజూ రెండుసార్లు పళ్లు తోమించండి, పుచ్చుపళ్లు చూపించండి. ఒకవైపు చేయి, కాలు పడిపోయినా, మూతి వంకరపోయినా వెంటనే 108.

పెళ్లికి ఇంకా చాలా ఏళ్లుంది, జబ్బుందని తొందరగా చేసేయకండి. తేలికపాటి లీకున్న అమ్మాయిలు మామూలుగానే పిల్లల్ని కంటారు. గర్భంలో ఈ సూది ఆపక్కర్లేదు, బిడ్డకు హాని లేదు. కవాటం సన్నబడినవారికి మాత్రం ఆరో నెల దాటాక, కాన్పు సమయంలో ప్రాణం మీదికి వస్తుంది. అందుకే గర్భానికి ముందే ఎకో తప్పనిసరి. జబ్బు దాచి చేసిన పెళ్లిలో ముందు ఆగిపోయేది సూదే, కాబట్టి దాచకండి.

చివరగా, ఆమెను పుణె తీసుకెళ్లక తప్పదా అన్నది మీ అక్క, బావలతో కూర్చుని ఆలోచించండి. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో గానీ గురుకులంలో గానీ చేర్పిస్తే చదువూ ఆగదు, మీ ఊరి ఆరోగ్య కేంద్రమూ దూరం కాదు. చేర్చేటప్పుడు హెడ్మాస్టరుకు, అక్కడ ఏఎన్ఎం ఉంటే ఆమెకు సూది తేదీల కాగితం, మెడికల్ ఆఫీసరు చీటీ నకలు ఇవ్వండి. ఆ సూది రోజుల్లో బయటికి పంపడానికి అనుమతి ముందే రాయించుకోండి. తీసుకెళ్లడానికి మేనమామగా మీ పేరు, ఫోను నంబరు ఆ కాగితం మీదే ఉండాలి.